పేరయ్య వారసులం మనం

నెల్లూరు తీరాన ఏ పల్లెకైనా పోండి. ఊరికి ఎడంగా మాలపల్లె, మాదిగపల్లె. అందులో ఒక చిన్న మందిరం. ఆ మందిరం తాళంచెవి మొలతాడుకు కట్టుకున్న ఒక మనిషి. పాస్టరుగారు నాలుగూళ్లు తిరిగే మనిషి, ఆదివారం వస్తాడు, పోతాడు. ఈ మనిషి మాత్రం ఏడు రోజులూ అక్కడే. పగలంతా కూలికి పోయి, పొద్దుగూకి వచ్చి గంట కొట్టేది ఇతనే. కానుకల లెక్క రాసేది ఇతనే. నడిరాత్రి ఎవరికన్నా నొప్పులొస్తే ఆటో మాట్లాడి నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయేది, తుపాను నాడు మందిరం తలుపులు తెరిచి ముసలీ ముతకకు చోటు చూపేది, చచ్చినవాళ్లకు గొయ్యి తవ్వడానికి నలుగురిని కేకేసేది ఇతనే. జీతం లేదు, బత్తెం లేదు. డీకను అంటారు, సంఘపెద్ద అంటారు. కన్నుమూసిన రోజు ఫొటోకు దండ వేస్తాం, రెండు పాటలు పాడతాం, మర్నాటికి మరిచిపోతాం.

ఈ మరుపు మనకు చేటు. అందుకే ఈ సంచికలో ఈ వరసకు మొదటి పెద్దను తలుచుకుంటున్నాం. ఆయన ఎర్రగుంట్ల పేరయ్య.

పేరయ్యది తాళ్లకొండపాడు. ఇప్పుడది ప్రకాశం వైపు. ఆ రోజుల్లో ఒంగోలు ప్రాంతమంతా నెల్లూరు జిల్లాయే, 1904 దాకా. పేరయ్య మాదిగ. తోళ్ల బేరం చేసేవాడు. చదువు లేకపోయినా జ్ఞానం మీద ఆకలి ఉన్నవాడు. అప్పటికే గురువుల దగ్గర యోగమార్గం నేర్చి, తన వాళ్లకు తనే గురువై చెప్పేవాడు. తోళ్ల బేరం మీద ఉత్తరాదికి, ఏలూరు వైపు పోయినప్పుడు క్రైస్తవ బోధ విన్నాడు. దొర ఎవరూ ఆయన గుడిసెకు వచ్చి పిలవలేదు. తనే వెతుక్కుంటూ పోయాడు. 1866లో పేరయ్య, ఆయన భార్య నాగమ్మ, నెల్లూరు మిషను జ్యుయెట్ దొర చేతుల మీద బాప్తిస్మం తీసుకున్నారు. తిరిగొచ్చి ఊరూరా నడిచి చెప్పారు. 1867 జనవరిలో క్లౌ దొర తాళ్లకొండపాడు వచ్చేటప్పటికి చింతతోపులో మాదిగలు సద్దిమూటలతో వచ్చి కూర్చున్నారు. అక్కడ 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దొర వచ్చింది పంట కోయడానికే. దున్నిందీ విత్తిందీ పేరయ్య.

మిషను పుస్తకాలు పేరయ్యను బోధకుడని రాశాయి. ఆయన చేసిన పని చూస్తే మన పల్లె డీకను చేసే పనే. తన వాళ్ల కష్టం తన నెత్తిన వేసుకోవడమే ఆ పని.

ఆ కష్టం ఎట్లాంటిదో చూడండి. కొత్తగా చేరినవాళ్లు మూడు మాటలు ఇవ్వాలి. ఆదివారం పని చెయ్యం. చచ్చిన గొడ్డు మాంసం తినం. విగ్రహాలకు మొక్కం. వినడానికి ఇవి మతం మాటలే. ఊరి పెత్తందార్లకు మాత్రం వేరేగా వినిపించాయి. వారానికి ఒక రోజు మాదిగోడు పనికి రాడట! జాతరకు డప్పు కొట్టడట! మోటబాన కుట్టేవాడు, చెప్పులు కుట్టేవాడు, పిలిస్తే ఉరికొచ్చే వెట్టివాడు ఇవాళ రానంటున్నాడు! కరణం, మునసబు కళ్లెర్రజేశారు. నీళ్లు బందు పెట్టారు, గింజలు బందు పెట్టారు, దొంగకేసులు పెట్టారు. అయినా మనవాళ్లు మాట తప్పలేదు. సమ్మె అనే పేరు తెలియకముందే ఈ గడ్డ మీద మాదిగలు చేసిన సమ్మె అది.

'కూటికోసం మతం మారారు' అని ఇవాళ్టికీ మనల్ని ఎత్తిపొడుస్తారు. లెక్క చూద్దాం. పేరయ్య బాప్తిస్మం 1866లో. పెద్ద కరువు 1876 నుంచి 78 దాకా. పదేళ్లు ముందే ఆయన దారి ఎంచుకున్నాడు. ఆ దారిలో ఆయన వాళ్లకు కూడు రాలేదు సరికదా, ఉన్న గింజలు కూడా పోయాయి. కరువులో మద్రాసు నుంచి మన తీరం వెంట వచ్చే బకింగ్‌హాం కాలువ తవ్వకం కరువు పని అయింది. మిగతా చోట్ల మేస్త్రీలు మనవాళ్లను కసురుకుంటారు, కూలి కోస్తారు. అందుకని క్లౌ దొర మూడున్నర మైళ్ల ముక్క కంట్రాక్టు తీసుకున్నాడు. అజమాయిషీకి మన బోధకులే నిలబడ్డారు. వేల మంది బతికారు. కరువు నడుస్తున్నంత కాలం ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటికోసం వచ్చారన్న మాట రాకూడదనే ఆపారు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. వాళ్లను ముంచిన చేతులు దొరవి కావు, ఆరుగురు తెలుగు బోధకులవి. ఈ కాలువ గట్టు మీద నడిచేటప్పుడు ఒక్కసారి ఆగండి. ఆ మన్ను మోసింది మన తాత ముత్తాతలు.

మతం మారితే కులం పోయిందా? 1985 జూలై 17న కారంచేడులో మాదిగలను తరిమి తరిమి నరికారు. చనిపోయినవాళ్లలో మోషే ఉన్నాడు, అబ్రహాం ఉన్నాడు. గొడ్డలి ఎత్తినవాడు బాప్తిస్మం కాగితం అడగలేదు. కాగితం అడిగేది ప్రభుత్వం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువైతేనే ఎస్సీ అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపింది. క్రైస్తవ దళితుణ్ని బయటే నిలబెట్టింది. మన రాష్ట్రంలో అతనికి దక్కింది బీసీ-సీ కింద ఒక్క శాతం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతం షరతు తీసెయ్యమంది. 2023 మార్చిలో మన అసెంబ్లీ తీర్మానం చేసింది. 2025లో మన హైకోర్టు, పాస్టరుగా ఉన్నవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదంది. కాబట్టి పల్లె డీకను ఇవాళ రెండు పేర్లతో బతుకుతున్నాడు, మందిరంలో ఒకటి, సర్టిఫికెట్లో ఒకటి. అతను అబద్ధాలకోరు కాదు. అబద్ధమాడక తప్పని స్థితి తెచ్చింది ఆ ఉత్తర్వు.

మనలో మనం కూడా ఒక మాట అనుకోవాలి. డీకను పదవికి ఎన్నికలు, డబ్బులు, మిషను స్థలాల మీద కోర్టు కేసులు మన కళ్ల ముందే ఉన్నాయి. మాలవాళ్లకొక మందిరం, మాదిగలకొక మందిరం అని గోడలు కట్టుకున్న చోట్లూ ఉన్నాయి. పేరయ్య పేరు చెప్పుకునే హక్కు కావాలంటే ఇవి కడుక్కోవాలి. తాళంచెవి సేవకు గుర్తు, పెత్తనానికి కాదు.

అన్నలారా, అక్కలారా! ఒంగోలులో జ్యుయెట్ పేర చర్చి ఉంది, క్లౌ పేరూ నిలిచి ఉంది. ఉండనివ్వండి, వాళ్లు చేసింది చేశారు. మన పేర్లు మనం రాసుకోవాలి గదా. ఈ పదిహేను రోజుల్లో ప్రతి పల్లెలో ఒక నోటుపుస్తకం కొనండి. ముసలివాళ్లను కూర్చోబెట్టి అడగండి. మొదట మందిరానికి గోడ ఎవరు పెట్టారు? బావి కోసం ఎవరు కొట్లాడారు? కలరా నాడు శవాలు ఎవరు మోశారు? ఆ డీకను పేరుతో పాటు అతని పెళ్లాం పేరు కూడా రాయండి. నాగమ్మ నడవకపోతే పేరయ్య ఒక్కడే ఎంత దూరం నడుస్తాడు? రాసింది ఆదివారం అందరి ముందు చదవండి.

చచ్చినాక వేసే దండ వాడిపోతుంది. రాసుకున్న పేరు మన పిల్లలకు ఆసరా అవుతుంది.