ఆఫ్రికా ఆకలికి ఆంధ్రా సాగు మందవుతుందా? శ్రీకాళహస్తి రైతుకు ఇందులో పనేంటి?

యూరియా టైంకి దొరక్కపోతే శ్రీకాళహస్తి వరి రైతుకు ఎంత టెన్షనో, ఆఫ్రికా రైతుకూ అంతే. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో ఎరువుల ధరలు భగ్గుమన్నాయి. ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం 2023లో ఆఫ్రికాలో ప్రతి ఐదుగురిలో ఒకరు ఆకలితో ఉన్నారు.

మరి దారేది? ఇక్కడే ఏపీ పేరు వినిపిస్తోంది. రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ప్రకృతి సాగుకు 2024లో గుల్బెంకియన్ ప్రైజ్ దక్కింది. 10 లక్షల యూరోల ఈ అవార్డును ఈజిప్టులో ఎడారిని సాగులోకి తెచ్చిన సెకెమ్, శాస్త్రవేత్త రతన్ లాల్ కూడా పంచుకున్నారు.

పద్ధతి సింపులే. ఆవు పేడ, మూత్రం, బెల్లం, శనగపిండితో జీవామృతం. వానలకు ముందే రకరకాల విత్తనాలు కలిపి చల్లడం. నేల ఎప్పుడూ పచ్చగా ఉంటుంది, తేమ నిలుస్తుంది, బయట కొనే ఖర్చు తగ్గుతుంది.

అయితే తొందరపడితే మొదటికే మోసం. 2021లో శ్రీలంక రసాయన ఎరువులను ఒక్కసారిగా నిషేధించింది. వరి దిగుబడి పడిపోయింది. నెలల్లోనే వెనక్కి తగ్గాల్సి వచ్చింది.

అందుకే అర ఎకరాతో మొదలుపెట్టడం సేఫ్. కానీ నేల కోలుకునేదాకా దిగుబడి తగ్గితే ఆ నష్టం ఎవరిది? 2021లో టీటీడీ గో ఆధారిత సాగు బియ్యంతో శ్రీవారికి నైవేద్యం మొదలుపెట్టింది. అలాంటి డిమాండ్ పక్కా కొనుగోలుగా మారితేనే రైతు ధైర్యం చేస్తాడు. ఆఫ్రికాలోనైనా, శ్రీకాళహస్తిలోనైనా అసలు పరీక్ష అదే.