ధర్నా చౌక్‌కు కూడా వెలివాడేనా?

మొన్న మా చిన్నాయన కండ్లు చూపించుకోనికి పట్నం వచ్చిండు. దవాఖాన పని అయినంక "ఒక్కసారి ఇందిరాపార్కు కాడికి తోల్కపో బిడ్డా" అన్నడు. పార్కు చూడనికి కాదు, చౌక్ చూడనికి. దండోర నాడు, భూమి కావాలన్న నాడు, తెలంగాణ కావాలన్న నాడు మెడల డప్పేసుకుని ఆ రోడ్డు మీద ఎన్నిసార్లు నిలబడ్డడో ఆయనకే లెక్క లేదు.

పోయినం. మేం పోయిన నాడు అక్కడ ఒక్క టెంటు లేదు, ఒక్క మైకు లేదు. పార్కు గోడ, చెట్ల నీడ, ఆ నీడల ఆగిన ఆటోలు. చిన్నాయన అటూ ఇటూ చూసి "గిదేనా?" అన్నడు. అంతల ఒక ఖాకీ డ్రెస్సాయన వచ్చి "ఏం పని ఇక్కడ?" అన్నడు. చేతిల దవాఖాన చీటీ తప్ప ఇంకేం లేని ముసలాయనను పట్టుకుని! "ఏం లేదు సారూ, చూసిపోదమని" అన్నం. "ఇక్కడ చూసేదేముంది?" అని వెళ్ళిపోయిండు.

చూసేదేముందో చెప్పాలి. ఆయనకు కాదు, ఆయనకు జీతమిచ్చేవాళ్ళకు.

ఉమ్మడి రాష్ట్రంలో ధర్నా అంటే సెక్రటేరియట్ ముందర, అసెంబ్లీ ముందర. ఏలికల కారు ఆగాలి, అద్దం దిగాలి, అదీ లెక్క. అక్కడ కూర్చోవద్దని చెప్పి జనాన్ని ఇందిరాపార్కు పక్కకు నెట్టింది ఉమ్మడి రాష్ట్ర పాలకులే. అది మొదటి నెట్టుడు. పేరు కూడా చూడండి. 1975లో దేశం మొత్తం నోరు కుట్టిన ఆమె పేరు పెట్టుకున్న పార్కు పక్కన నోరు విప్పుకోమన్నారు! అయినా జనం ఆ రోడ్డు ముక్కను తమది చేసుకున్నారు. అంగన్‌వాడీ టీచర్లు, ఆశా వర్కర్లు, స్కాలర్‌షిప్పు రాని హాస్టల్ పిల్లలు, పింఛను రాని వికలాంగులు, మనకు తెలవంది ఏముంది, పొద్దున ఊడ్చిన రోడ్డు మీదనే మధ్యాహ్నం వచ్చి కూర్చున్న సఫాయి కార్మికులు.

ఊర్లో ఉన్న మనోడికి ఈ చౌక్ ఎందుకు కావాలో పట్నంల పుట్టిన పెద్దమనుషులకు అర్థం కాదు. ఊర్లో కూర్చోవచ్చు కదా, మండలాఫీసు ముందు కూర్చోవచ్చు కదా అంటారు. కూర్చుంటే ఎవరెవరు కూర్చున్నారో సాయంత్రానికల్లా ఊరి పెద్దల దగ్గర లిస్టు ఉంటది. తెల్లారి కూలికి పిలుపు రాదు. కిరాణా కొట్టులో ఉద్దెర బందైతది. ట్రాక్టరు మన చెలకలకు రాదు. సాంఘిక బహిష్కరణ అనేది చాటింపు వేసి చేసే పని కాదు, ఇట్లనే నిశ్శబ్దంగా చేస్తరు. అదే రాత్రి బస్సెక్కి పట్నం వస్తే? పొద్దున ఇమ్లీబన్‌ల దిగి, నల్లా కాడ మొఖం కడుక్కుని, నడుచుకుంటూ చౌక్ చేరితే? వందల మందిలో ఒకడు. వాణ్ని గుర్తుపట్టే దొర అక్కడ లేడు. బతుకులో మొదటిసారి మైకు ముందు నిలబడి "నా భూమి ఏమైంది?" అని గొంతెత్తి అడిగేది ఆడనే. మన ఆడోళ్ళు ఎంతోమంది మొట్టమొదట ఉపన్యాసం చెప్పింది ఆ రోడ్డు మీదనే.

2017లో తెలంగాణ సర్కారు దాన్ని మూసింది. ఏ గడ్డ మీద ఉద్యమకారులు కూర్చుని రాష్ట్రం అడిగిన్రో, ఆ రాష్ట్రం వచ్చినంక ఆ గడ్డకే తాళం. కారణం? చుట్టుపక్కల కాలనీల నిద్ర చెడుతోందట. వాకింగుకు వచ్చే పెద్దలకు ఇబ్బందట. గోడల పక్కన పాడు చేస్తున్నారట. ఈ ఆఖరి మాట కొంత నిజమే. వందల మంది ఆడవాళ్ళు పొద్దంతా కూర్చునే చోట చాలినన్ని మరుగుదొడ్లు కట్టనిది ఎవరు? ధర్నాను తరలించాలంటిరి, మరి కట్టని మున్సిపాలిటీని ఎటు తరలిద్దాం? పక్కనే హుస్సేన్‌సాగర్ మీద నిమజ్జనానికి మైకులు హోరెత్తితే ఎవరి నిద్రా చెడదు. అంగన్‌వాడీ ఆయమ్మ గొంతుకే చెడుతది.

పోనీ ఎక్కడ కూర్చోవాలి? నగరం శివార్లలో, ఊరవతల జాగా చూపిస్తం అన్నరు. ఊరవతల! ఈ మాట మనకు కొత్తదా? వందల ఏండ్ల నుంచి వింటున్న మాటే కదా. మీరు పని చేయనికి ఊర్లకు రావచ్చు, ఉండేది మాత్రం ఊరవతల. గాలి మీ వైపు నుంచి మా వైపు రావొద్దు. మీ మాట మా చెవున పడొద్దు. వాడకు చెప్పిందే ధర్నాకూ చెప్పిన్రు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ నుంచి గెంటేస్తే రోహిత్ వేముల, ఆయన నలుగురు సహచరులు ఆరుబయట పడుకుని, ఆ చోటుకు వెలివాడ అని పేరు పెట్టుకున్నరు. ఆ నెల 17న రోహిత్ లేకుండా పోయిండు. పద్ధతి తెలిసిన పిల్లలు కనుకనే సరైన పేరు పెట్టిన్రు. ఆ తర్వాత అదే నగరంలో ధర్నాకు వెలివాడ చూపిస్తరని మాత్రం వాళ్ళనుకొని ఉండరు.

2017 మే 15న జేఏసీ, వామపక్షాలు, ఇంకా ఎన్నో సంఘాలు కలిసి చౌక్‌ను ఆక్రమిస్తామని పోయినయి. అటు నుంచి "స్థానికులు" ప్లకార్డులు పట్టుకుని వచ్చిన్రు. కొట్లాట. తెల్లారి చూస్తే ఆ స్థానికుల మధ్య ప్లకార్డు పట్టుకున్న ఒకామె మఫ్టీలో ఉన్న పోలీసు అధికారి అని ఫొటోలతో సహా బయటపడ్డది. కాలనీవాసుల నిద్ర అంటే ఏందో అప్పుడు తేటతెల్లమైంది. అదే ఏడాది అక్టోబర్‌ల ఢిల్లీల జంతర్‌మంతర్ దగ్గర కూడా మోత ఎక్కువైందని గ్రీన్ ట్రిబ్యునల్ ధర్నాలు ఆపించింది. పార్టీ ఏదైనా, పీఠం ఏదైనా చెవులు ఒక్కటే. 2018 జూలైలో సుప్రీంకోర్టు అక్కడ పూర్తి నిషేధం చెల్లదన్నది. అదే ఏడాది మన హైకోర్టు కూడా ఇందిరాపార్కు తలుపు తెరిపించింది.

ఇక ఆ మూసినాయన సంగతి. 2021 నవంబర్ 18న వడ్ల కొనుగోలు మీద కేంద్రాన్ని నిలదీస్తమని ముఖ్యమంత్రి స్వయంగా మంత్రులతో వచ్చి ఆ చౌక్‌లనే కూర్చున్నడు. షామియానా, మైకులు, కార్ల బారులు. ఆ రోజు కాలనీవాసులు హాయిగా నిద్రపోయినట్టున్నరు.

2023 ఏప్రిల్ 14న 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం నిలబెట్టిన్రు. అదే నెల 30న కొత్త సెక్రటేరియట్ తెరిచి దానికీ బాబాసాహెబ్ పేరే పెట్టిన్రు. మేం వద్దనలేదు, పోయి దండం పెట్టుకుని వచ్చినం కూడా. కానీ ఆకాశంల 125 అడుగులు ఇచ్చినోళ్ళకు నేల మీద కూర్చోను మూరెడు జాగా ఇయ్యబుద్ధి ఎందుకు కాలేదు? విగ్రహం మాట్లాడదు. చౌక్ మాట్లాడుతది. తేడా అంతే.

ఇక్కడ చదువుకున్న బాబులు ఒక లా పాయింటు తీస్తరు. 1949 నవంబర్ 25న రాజ్యాంగసభలో అంబేద్కరే సత్యాగ్రహాలు, శాసనోల్లంఘనలు వదిలేయమన్నడు కదా అని. అన్నడు. పూర్తిగా చదవండి. రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు అన్నడు. దారే లేని నాడు అవి సమర్థనీయమే అని కూడా అన్నడు. ఆయుధం లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు 19వ అధికరణంలోనే ఉన్నది, అంటే ధర్నా రాజ్యాంగ మార్గమే. ఆ మార్గానికి ముళ్ళకంచె వేసి రాజ్యాంగం గురించి మాకు పాఠం చెప్తరా? మహాడ్ మున్సిపాలిటీ చవదార్ చెరువు అందరిదని 1924లోనే తీర్మానం చేసింది. కాగితం మీద అందరిదే. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేల మందితో నడిచిపోయి దోసిలి ముంచితే తప్ప ఆ కాగితానికి విలువ రాలేదు. ముంచినంక పంచగవ్యం పోసి చెరువును శుద్ధి చేసిన్రు, అది వేరే కథ. హైకోర్టు ఆర్డరు కూడా మనకు అట్లాంటి కాగితమే.

సర్కారు మారింది. 2023 డిసెంబర్‌ల ప్రగతిభవన్ ముందరి ఇనుప కంచెలు తీసేయించిన్రు, మంచిదే. కానీ చౌక్‌ల కూర్చోవాలంటే మాత్రం ఇప్పటికీ పోలీసు పర్మిషన్ కాగితం కావాల్సిందే.

అంతా సర్కారు మీదనే వేస్తే కూడా అబద్ధమైతది. ఆ చౌక్ నిశ్శబ్దంల మన వాటా ఉన్నది. వర్గీకరణ మీద మాలలం, మాదిగలం ఒకరి మీద ఒకరం టెంట్లేసుకున్నం. మొదటి ముఖ్యమంత్రి దళితుడే అన్న మాట తప్పితే, మూడెకరాల భూమి మాట నడుమల ఆగిపోతే, అక్కడ ఎంతమందిమి కూర్చున్నం? మన నాయకుల్లో కొందరికి కార్పొరేషన్ కుర్చీలు దొరికినయి. మిగిలినోళ్ళం ఏప్రిల్‌ల దండ, డిసెంబర్‌ల కొవ్వొత్తి. రోడ్డు మీద కూర్చునే అలవాటు పోయింది. దళిత సంఘాల మిత్రులకు కోపం రావచ్చు, రానీయండి.

మేం అడిగేది ఇది. పర్మిషన్ కాదు, ముందుగా చెప్తే చాలు అనే పద్ధతి పెట్టాలి. మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ మరుగుదొడ్లు కట్టాలి. తాగనీకి నల్లా పెట్టాలి. ఇవి అడగనీకి కూడా అక్కడనే కూర్చుంటం. దరఖాస్తు రాసినం. మొదటి సంతకం చిన్నాయనది. కంటికి కట్టు విప్పేదాకా పట్నంలనే ఉంటనన్నడు. ఊరి నుంచి డప్పు తెప్పిస్తున్నడు.