చెయ్యి ఎన్నిసార్లు ఆడాలి?

2021 జనవరి 4న కేంద్ర ప్రభుత్వం వికలాంగులు చేయదగినవంటూ 3,566 ఉద్యోగాల జాబితా ప్రకటించింది. ఒక్కో కొలువు ఎదురుగా కూర్చోవాలి, నిలబడాలి, వంగాలి, బరువెత్తాలి అని పొడి అక్షరాల గుర్తులు. పనికొచ్చే జాబితానే, కాదనను. అయితే వంగాలంటే గంటకు ఎన్నిసార్లు? బల్ల జానెడు ఎత్తు చేస్తే ఆ వంగుడు తప్పుతుందా? ఫ్లోరైడ్ నీళ్లకు వెన్ను బిగుసుకుపోయిన మర్రిగూడ మనిషికి కావాల్సింది ఈ జవాబు.

అది తెచ్చిపెట్టాల్సింది వృత్తి పునరావాస కౌన్సెలర్. దేశంలో మొదటి రెండు వృత్తి పునరావాస కేంద్రాల్లో ఒకటి 1968లో హైదరాబాద్‌లోనే పెట్టారు. పనిని విశ్లేషించే పద్ధతి చెప్పడానికి తేలికే. పనిని ముక్కలుగా విడగొట్టాలి. బరువు తూచాలి, ఎత్తు కొలవాలి, గడియారం చూడాలి. యజమానినే కాదు, చేసే మనిషినీ అడగాలి. చివరికి ఏ ముక్క లేకపోతే పనే లేదో, ఏది వట్టి అలవాటో తేల్చాలి. కుట్టుమిషనే చూడండి. కాలితో తొక్కడం కుట్టులో భాగం కానే కాదు, మోటారు బిగిస్తే పోయేదే. కాళ్లు వంకరపోయినవాళ్లకు టైలరింగ్ కుదరదని రాసే ముందు ఈ సంగతి తట్టాలి.

దీన్ని ఏ కోర్సూ చదవకుండా చేసి చూపినాయన మన దగ్గరే ఉన్నారు. ఆలేరు పక్క శారాజీపేట చింతకింది మల్లేశం. తల్లి లక్ష్మి ఆసు పోస్తుంటే, అంటే చీర నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పుతుంటే చూశారు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు తొమ్మిది వేల సార్లు ఆడాలి, రోజుకు రెండు చీరలైతే పద్దెనిమిది వేలు. దారం వరస తప్పకుండా మేకుల చుట్టూ తిరగడం అసలు పని. దాన్ని భుజమే తిప్పాలన్న రూలేం లేదు. 1999లో ఆసు యంత్రం తయారైంది. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

అందరూ యంత్రాలు కనిపెట్టనక్కర్లేదు. చాలా చోట్ల ఒక ఎత్తు పీటతో సరిపోతుంది. కానీ ఆ చూపు ఆఫీసు కుర్చీలో రాదు. కౌన్సెలర్లకు తీరికేదీ అంటారు, నిజమే. తీరిక ఇవ్వాల్సింది ప్రభుత్వం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం మూడేళ్లకు మించకుండా జాబితాను తిరగేయాలి కదా. అందుకోసమైనా శిక్షణలో ఉన్నవాళ్లను పోచంపల్లి మగ్గాల దగ్గర, చౌటుప్పల్ ఫ్యాక్టరీల్లో పూటలకు పూటలు కూర్చోబెట్టాలి. వాళ్ల ప్రశ్నలకు జవాబు చెబుతూ పని పోగొట్టుకునే మనిషికి ఆ పూట కూలి శిక్షణ ఖర్చులోంచే కట్టివ్వాలి.