గరిటె ఎవరి చేతిలో ఉన్నది?

వంట నేర్పే శిబిరాలు ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలోనే కాక ఓ మాదిరి పట్టణాలలో కూడా జరుగుతున్నాయి. ఒకపూట శిబిరం, వారాంతపు శిబిరం, నెలరోజుల తరగతి అని రకరకాలు. నా వద్దకు వచ్చే కుటుంబాలవారు "దేనిలో చేరమంటారు?" అని తరచుగా అడుగుతున్నారు. వైద్యునికి వంటశిబిరాలతో ఏమి పని అని పాఠకులకు సందేహం కలుగవచ్చు. పని ఉన్నది. నేను వ్రాసే చీటీలో సగం ఔషధమైతే సగం పథ్యం. ఔషధం అంగడిలో దొరుకుతుంది. పథ్యం మాత్రం ఇంట్లో ఎవరో ఒకరు వండితేనే దొరుకుతుంది. వంటగదిని లక్షలు పోసి పలకలతో, పొగగొట్టాలతో తీర్చిదిద్దుకున్న ఇళ్ళలో కూడా జ్వరం విడిచిన మనిషికి గుక్కెడు జావ కాచే చెయ్యి కరువవుతున్నది. కనుక ఈ శిబిరాలను నేను తేలికగా తీసివేయను. అయితే ఎంచుకొనే పద్ధతిలో జాగ్రత్త కావాలి.

మొట్టమొదట విచారించవలసినది అక్కడ గరిటె ఎవరి చేతిలో ఉంటుందన్న సంగతి. చాలాచోట్ల ముప్పైమంది కుర్చీలలో కూర్చుంటారు. ముందు ఒకే పొయ్యి, ఒకే బాణలి, నేర్పేవారు ఒక్కరే. చూచేవారు సెల్‌ఫోన్లలో ఫొటోలు తీసుకుంటారు. చివరకు కాగితపు గిన్నెలో రెండు చెంచాల రుచి, చేతికొక ముద్రించిన పత్రం. ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించేసరికి పత్రంలో లేనిది ప్రతిదీ ఎదురవుతుంది.

చేతిపని చేతితోనే రావాలని మన ప్రాచీనులకు బాగా తెలుసు. సుశ్రుతసంహిత సూత్రస్థానంలో తొమ్మిదవ అధ్యాయం పేరు యోగ్యాసూత్రీయం. యోగ్య అంటే అభ్యాసం. శాస్త్రమంతా చదివినా అభ్యాసం లేనివాడు చికిత్సకు పనికిరాడని అక్కడి నిర్ణయం. ఆ అభ్యాసం దేనిమీద చేయించేవారు? గుమ్మడి, సొర, పుచ్చ, దోస వంటి కాయలమీద కోత. నీళ్ళు, బురద నింపిన తోలుసంచులమీద భేదనం. కలువకాడలమీద సిరావేధం. శస్త్రవైద్యుని చెయ్యి మొదట కూరగాయలమీద తిరిగిందన్నమాట! శరీరాన్ని కోయబోయేవానికే కూరగాయతో శిక్షణ అవసరమైనప్పుడు, కూరగాయను కోయబోయేవారికి కాగితంతో శిక్షణ చాలునా?

మా గురుకులంలోనూ ఇదే పద్ధతి. శ్లోకాలు కంఠస్థం చేయిస్తూనే మొదటి ఏడాది కషాయాల పొయ్యి మాకు అప్పగించారు. ఒకపాలు ద్రవ్యానికి పదహారుపాళ్ళ నీరు పోసి ఎనిమిదవ వంతు మిగిలేవరకు కాచాలని శార్ఙ్గధరుని కొలత. అది నోటికి రావడానికి ఒకపూట చాలింది. ఏ కట్టె ఎంత మండుతుందో, పాత్రలో ఎంతవరకు దిగితే ఎనిమిదవ వంతు అయినట్లో కంటికి తెలియడానికి ఏడాది పట్టింది.

తైలపాకంలో పరీక్ష మరీ సున్నితం. కల్కాన్ని వేళ్ళమధ్య నలిపితే వత్తిలాగా రావాలి. నిప్పులో వేస్తే చిటపటలాడరాదు. తైలమైతే నురుగు పుట్టినప్పుడు, ఘృతమైతే నురుగు అణగినప్పుడు పాకం సిద్ధించినట్లు. ఈ విద్య మన ఇళ్ళలోనూ ఉన్నదే. వెన్న కాచే ఇల్లాలు సద్దు ఆగి, నురుగు అణగి, అడుగున చేరిన మడ్డి ఎర్రబారగానే గిన్నె దించుతుంది. అరిసెల పాకాన్ని నీళ్ళలో ఒక చుక్క వేసి ఉండకడుతున్నదో లేదో వేలితో చూస్తుంది. మా లేహ్యానికి కూడా ఇంచుమించు ఇవే పరీక్షలు: తీగ సాగాలి, నీటిలో మునగాలి, వేలిముద్ర పడాలి. సెల్‌ఫోన్ తెరమీద వన్నె కనబడుతుంది, సద్దు వినబడుతుంది. వాసన రాదు, వేలికి పాకం తగలదు.

ఇక నేర్పేవారి సంగతి. చరకసంహిత విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో, వైద్యం నేర్వదలచినవాడు ముందు శాస్త్రాన్ని, ఆ తరువాత ఆచార్యుని పరీక్షించి ఎంచుకోవాలని ఉన్నది. శిష్యుడు గురువును పరీక్షించడమా అని వెనుకాడనక్కరలేదు. అక్కడ చెప్పిన ఆచార్యగుణాలలో కొన్ని వంటశిబిరానికి అచ్చంగా సరిపోతాయి. పరిదృష్టకర్మ అంటే పనిని దగ్గరగా చూచి ఎరిగినవాడు. జితహస్తుడు అంటే చెయ్యి తిరిగినవాడు. ఈ రెండూ ఉన్నవారు మన వీధిలోనే ఉంటారు. ఉపకరణవంతుడు అంటే సాధనాలు గలవాడు. కనుక ఎన్ని పొయ్యిలున్నాయో అడగండి. ఒక పొయ్యికి ఇద్దరైతే ఉత్తమం, నలుగురైతే సహించవచ్చు, అంతకు మించితే మీ డబ్బు మీ జేబులోనే ఉంచుకోండి. శుచి గలవాడు అన్నారు. రుసుము కట్టకముందే ఒకమారు వెళ్ళి కత్తిపీటను, చేతిగుడ్డను, గిన్నెలు కడిగే తొట్టిని చూచి రండి. కాగిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచే అలవాటు అక్కడ ఉన్నదేమో కూడా గమనించండి. నూనెలో ధ్రువ సమ్మేళనాలు 25 శాతం దాటితే వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన. దానిని కొలిచే సాధనం మనకుండదు గాని, నల్లబడి జిగురెక్కిన నూనెను కన్నే పట్టిస్తుంది.

అన్నిటికంటె అరుదైన గుణం జ్ఞాపనసామర్థ్యం, అనగా తనకు తెలిసినదానిని ఎదుటివారికి తెలిసేటట్లు చెప్పగలగడం. అమృతంలాగా వండేవారు కూడా "తగినంత ఉప్పు, కాస్త పులుపు" అని ఊరుకుంటారు. తగినంత ఎంతో తెలిసినవారికి శిబిరం ఎందుకు? పెద్దలకు రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు మించరాదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి మార్గదర్శకాలలో చెప్పింది. అది సుమారు ఒక టీస్పూను. నలుగురి పప్పులో, చారులో, కూరలో, పచ్చడిలో ఆ లెక్క ఎట్లా పంచుకోవాలో చేత కొలిపించి చూపేవారు దొరికితే, రక్తపోటు ఉన్న ఇంటివారు వెదకుకుంటూ వెళ్ళవలసిందే.

2022లో జరిగిన ఒక సంగతి చెబుతాను. పదవీవిరమణ చేసిన తెలుగు పండితుడొకరు నాకు చిరపరిచితులు. ఆయన భార్య జారిపడి తుంటి ఎముక విరిగి మంచం పట్టింది. కుమార్తె విదేశంలో ఉన్నది. ఆయన అంతవరకు పొయ్యి వెలిగించి ఎరుగరు. కుమార్తె అక్కడినుంచే రుసుము కట్టి, నగరంలో రెండురోజుల శిబిరంలో చేర్పించింది. తిరిగివచ్చి ఒక నునుపుకాగితాల పుస్తకం నా బల్లమీద పెట్టారు. "డాక్టరుగారూ, ఇందులో ఇరవై వంటకాలున్నాయి. మా ఆవిడ తినగలిగినది ఒక్కటీ లేదు" అన్నారు. తిరగవేసి చూచాను. పన్నీరు, మీగడ, మైదా. అన్నం వండడం ఎక్కడా లేదు.

"మాస్టారూ, మీ వీధిలో కూరలు వండి అమ్మే ఆవిడ ఉన్నదికదా, ఆమెను అడగరాదా?" అన్నాను. ఆమె మొదట నవ్వింది, తరువాత ఒప్పుకున్నది. మొదటిరోజు ఆయనచేత బియ్యం కడిగించి మూడుమార్లు అన్నమే వండించింది. ఒకటి పలుకైంది, ఒకటి ముద్దయింది, మూడవది కుదిరింది. ఆ పలుకును, ముద్దను పారవేయనీయలేదు. పలుకుకు నీళ్ళుజల్లి మగ్గబెట్టడం, ముద్దను మజ్జిగ కలిపి సరిచేయడం కూడా నేర్పింది. నెలన్నర గడిచాక ఆయన పెసరకట్టు ఫ్లాస్కులో పోసుకొని నా రుచికోసం తెచ్చారు. ఆమెవద్ద యోగ్యతాపత్రం ఏదీ లేదు. చెడినదానిని దిద్దడం నేర్పే ఓర్పు ఉన్నది. ఆ ఓర్పు లేని శిబిరాలే ఎక్కువ. అక్కడ వంటకం చెడడానికే వీలుండదు, చేసేది మీరు కాదు గనుక.

ఏమి నేర్పుతారన్నది కూడా అడిగి తెలుసుకోవాలి. పండుగకు, అతిథికి వండేవి నేర్చుకోవద్దని నా మాట కాదు. కాని సంవత్సరంలో మూడువందల రోజులు తినేదానిని వదలి ఆ మిగిలిన రోజులకే శిక్షణ పొందడం నాకు వింతగా తోస్తుంది. శోధనచికిత్స తరువాత రోగికి పేయ, విలేపి, అకృతయూషం, కృతయూషం అని క్రమంగా ఇస్తాము. పేర్లు చూచి బెదరవద్దు. పలుచని జావ, చిక్కని జావ, ఉత్త పెసరకట్టు, ఉప్పు పోపు వేసిన పెసరకట్టు. బియ్యానికి పద్నాలుగు రెట్లు నీరు పోసి కాచి వార్చితే మండం, ఆరు రెట్లు పోస్తే యవాగువు. బియ్యం అదే, పొయ్యి అదే. నీటి కొలతతో జీర్ణం కావడంలో ఎంత భేదం! ఈ నాలుగింటితోబాటు చారు, మజ్జిగ, నాలుగైదు కూరలు చేత చేయించేచోటు ఉంటే అదే నా ఓటు.

2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అయిన తరువాత కొర్రలు, సామల పేరిట శిబిరాలు పెరిగాయి. మంచిదే. వాటిమీద ఆసక్తి ఉన్నవారు రాజేంద్రనగర్‌లోని భారత చిరుధాన్య పరిశోధన సంస్థ ఇచ్చే శిక్షణలను, జిల్లాలలోని కృషి విజ్ఞాన కేంద్రాలను ముందుగా విచారించండి. ఫలానా వంటకంతో మధుమేహం మాయమవుతుందని, వేసుకొనే మందు ఆపవచ్చునని చెప్పే శిబిరంలో మాత్రం ఒక్క నిమిషం కూర్చోవద్దు. ఆహారం చికిత్సకు తోడుపడుతుందని నలభై ఏళ్ళుగా చెబుతున్నవాడిని నేను. ఇన్సులిన్ మాన్పించే అధికారం వంట నేర్పేవారికి లేదు.

మరొక మాట. ఈ శిబిరాలకు ఆడపిల్లలనే పంపుతున్నారు. మంచి వంటను నలభీమపాకమని మెచ్చుకొనే జాతి మనది. ఆ ఇద్దరూ పురుషులే. చదువుకోసం పొరుగూరు వెళ్ళబోయే కుమారుని కూడా ఒక పొయ్యి ముందు నిలబెట్టండి.

చేరిన తరువాత, అక్కడ నేర్చిన ఒక్క వంటకాన్నే ఆ వారంలో ఇంట్లో మూడుమార్లు చేయండి, మీ గిన్నెతో, మీ మంటమీద. అక్కడ చెప్పిన నీటి కొలత మీ బియ్యానికి సరిపోకపోవచ్చు. ఏడాది నిలవ ఉన్న పాతబియ్యం ఎక్కువ నీరు పీలుస్తుంది, కొత్తబియ్యం తక్కువకే ముద్దవుతుంది. మీ ఇంటి గ్లాసుకు ఎంత పడుతున్నదో ఒక కాగితంమీద వ్రాసి బియ్యం డబ్బా మూతలోపల అంటించుకోండి. బస్తా మారినప్పుడల్లా ఆ అంకె మార్చుకోవాలి.