సాఫ్ట్‌వేర్ నవీకరణతో స్తంభించిన మెయిల్ సర్వర్లు: కారణాలు - కర్తవ్యాలు

ప్రభుత్వ కార్యాలయాలలోనూ, పత్రికా కార్యాలయాలలోనూ నేడు ఉత్తర ప్రత్యుత్తరాలలో అధిక భాగం ఈ-మెయిల్ ద్వారానే సాగుతున్నది. ఉత్తర్వులు, టెండరు ప్రకటనలు, తుఫాను హెచ్చరికలు, పత్రికా ప్రకటనలు నిమిషాలలో గమ్యం చేరుతున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రత్యేకంగా ఈ-మెయిల్ విధానాన్ని ప్రకటించడం ఈ మాధ్యమానికి ఏర్పడిన ప్రాధాన్యానికి నిదర్శనం. ఇటువంటి వ్యవస్థ ఒక పూట స్తంభించినా కలిగే నష్టం సామాన్యమైనది కాదు. సాఫ్ట్‌వేర్‌ను మెరుగుపరచడానికి చేసే నవీకరణే కొన్ని సందర్భాలలో ఈ స్తంభనకు కారణమవుతున్నందున, గతంలో జరిగిన ఘటనలను పరిశీలించడం అవసరం.

నూతన సంవత్సరం తొలి రోజు

2022 జనవరి 1న వివిధ దేశాలలోని సంస్థలు తమ కార్యాలయాలలో సొంతంగా నిర్వహించుకుంటున్న మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ 2016, 2019 మెయిల్ సర్వర్లలో ఉత్తరాలు కదలకుండా నిలిచిపోయాయి. నిర్వాహకులు తమంతట తాము ఏ మార్పూ చేయకున్నా ఈ పరిస్థితి ఏర్పడింది. వైరస్ తనిఖీకి సంబంధించిన సమాచారం ఎప్పటికప్పుడు దానంతట అదే నవీకరణ పొందుతుండడమే ఇందుకు మూలం.

ఆ నవీకరణల సంఖ్యలో వరుసగా సంవత్సరం, నెల, తేదీ, క్రమసంఖ్య ఉండేవి. 2021 డిసెంబరు 31 నాటి సంఖ్య 211 కోట్లకు కొద్దిగా పైన ఉండగా, జనవరి 1 నాటి సంఖ్య 2201010001, అనగా 220 కోట్లు దాటింది. ఆ సంఖ్యను భద్రపరచడానికి సాఫ్ట్‌వేర్‌లో కేటాయించిన స్థానం 32 బిట్లు మాత్రమే. అందులో పట్టే గరిష్ఠ సంఖ్య 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. ఫలితంగా సంఖ్యను సరిచూసే దశలోనే తనిఖీ ఇంజిన్ కుప్పకూలింది. తనిఖీ పూర్తికాని ఉత్తరాలు క్యూలో నిలిచిపోయాయి. సర్వర్ లాగ్‌లో ఆ సంఖ్యతో సహా దోషం నమోదు కావడంతో కారణాన్ని గుర్తించడం సాధ్యమైంది.

నిర్వాహకుల ముందు అప్పుడు కఠినమైన ప్రశ్న నిలిచింది. తనిఖీని నిలిపివేస్తే ఉత్తరాలు కదులుతాయి. కాని వాటితోపాటు వైరస్‌లు ప్రవేశించే ప్రమాదమున్నది. తనిఖీని కొనసాగిస్తే కార్యాలయానికి ఉత్తరమే అందదు. వేరే వైరస్ రక్షణ ఉన్నవారికి మొదటి మార్గం తాత్కాలికంగా ఉపకరించింది. అనంతరం మైక్రోసాఫ్ట్ సంస్థ పాత ఇంజిన్ ఫైళ్లను తొలగించి కొత్తవాటిని దింపుకొనే స్క్రిప్టును విడుదల చేసింది. కొత్త సంఖ్య గరిష్ఠ పరిమితిని దాటకుండా 2112330001 అని నిర్ణయించారు. క్యాలెండరులో లేని ‘డిసెంబరు 33’ ఆ విధంగా సర్వర్లలో చోటు చేసుకోవడం గమనార్హం. క్యూలో చేరిన ఉత్తరాల పరిమాణాన్ని బట్టి అవి గమ్యం చేరడానికి మరికొంత సమయం పట్టింది.

ఆగినవా, తిరిగి వచ్చినవా, పోయినవా?

మెయిల్ స్తంభించినప్పుడు మొట్టమొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే. 2022లో ఉత్తరాలు ఆగాయే తప్ప పోలేదు. అటువంటి స్థితిలో తొందరపడి క్యూను తొలగించి సర్వర్‌ను కొత్తగా ప్రారంభిస్తే, భద్రంగా ఉన్న ఉత్తరాలను చేజేతులా పోగొట్టుకున్నట్లే.

2020 డిసెంబరులో జీమెయిల్‌లో జరిగిన ఒక అమరిక మార్పు వలన, వాస్తవంగా ఉన్న చిరునామాలు కూడా లేవంటూ ఉత్తరాలు తిరిగి వెళ్లాయి. తాత్కాలిక దోషమని తెలిపితే పంపిన సర్వర్ కొంత వ్యవధి తరువాత మళ్లీ ప్రయత్నిస్తుంది. శాశ్వత దోషమని తెలిపితే ప్రయత్నం విరమిస్తుంది. అట్టి ఉత్తరాలను పంపినవారే తిరిగి పంపవలసి ఉంటుంది.

2011 ఫిబ్రవరిలో ఇంతకన్నా తీవ్రమైన ఘటన జరిగింది. నిల్వకు సంబంధించిన సాఫ్ట్‌వేర్ నవీకరణలోని దోషం వలన జీమెయిల్ వినియోగదారులలో సుమారు 0.02 శాతం మంది ఖాతాలు ఖాళీగా కనిపించాయి. పలు కేంద్రాలలో ఉంచిన ప్రతులను సైతం ఆ దోషం తాకింది. సర్వర్లతో సంబంధం లేకుండా టేపులపై భద్రపరచిన ప్రతులే చివరకు ఆదుకున్నాయి. గూగుల్ సంస్థ కొత్త సాఫ్ట్‌వేర్ అమలును నిలిపి, పాతదానికి మరలింది.

చేపట్టవలసిన చర్యలు

నవీకరణకు ముందు విడిగా బ్యాకప్ తీసి, దాని నుంచి ఉత్తరాలు తిరిగి వస్తున్నాయో లేదో పరీక్షించాలి. మొదట ఒక్క సర్వర్‌పై అమలు జరిపి, ఫలితం చూసిన పిదపే మిగిలిన వాటికి విస్తరించాలి. పాత స్థితికి మరలే మార్గాన్ని ముందే సిద్ధపరచుకోవాలి. అంతరాయం ఏర్పడితే క్యూ పెరుగుదలను, లాగ్‌లోని మొదటి దోషాన్ని పరిశీలించిన తరువాతనే చర్యకు ఉపక్రమించాలి. అత్యవసర సమాచారాన్ని టెలిఫోన్ వంటి ఇతర మార్గాల ద్వారా తెలిపే బాధ్యతను ముందుగానే ఒకరికి అప్పగించాలి. లేనిచో పంపినవారు అందిందనీ, అందవలసినవారు ఏమీ రాలేదనీ భావిస్తూ ఉండిపోతారు.

ఈ ఘటనల దృష్ట్యా నవీకరణలనే మానుకోవడం పరిష్కారం కాదు. పైన పేర్కొన్న ఎక్స్ఛేంజ్ 2016, 2019 సర్వర్లకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత సాఫ్ట్‌వేర్‌తో కొనసాగడం భద్రతకు ముప్పు. ముందుజాగ్రత్త లేకుండా మార్చడం సేవలకు ముప్పు. ఉత్తరాలు యథావిధిగా వెళ్తున్నాయని, వస్తున్నాయని నిర్ధారించుకున్న తరువాతనే నవీకరణ పూర్తి అయినట్లుగా పరిగణించడం శ్రేయస్కరం.