సంతకం పెట్టే ముందు అడగాల్సిన మాట

గుండెపోటు అంటే మనకి వెంటనే గుర్తొచ్చేది స్టెంట్. ఈమధ్య ఇంకో మాట కూడా వినిపిస్తోంది: "గుండెకి మిషన్ సపోర్ట్ పెట్టాలి, సంతకం చేయండి." ఆ ఇంగ్లీషు కాగితం చేతికొచ్చేది చాలాసార్లు ఐసీయూ బయట కూర్చున్న భార్యకే. లోపల మనిషి, బయట లక్షల లెక్క. ఆ సమయంలో ప్రశ్న అడగడం పిసినారితనమేమీ కాదని నా అభిప్రాయం.

గుండెపోటు వచ్చిన అందరికీ ఈ మిషన్లు అక్కర్లేదు. కొందరికి గుండె కండరం బాగా దెబ్బతిని, బీపీ పడిపోయి, కిడ్నీలకీ మెదడుకీ రక్తం చాలదు. దాన్నే కార్డియోజెనిక్ షాక్ అంటారు. అప్పుడు గుండెకి ఊతం కావాలి. పాత పద్ధతి బెలూన్ పంపు. గుండె సేదతీరేటప్పుడు ధమనిలో ఉబ్బుతుంది, కొట్టుకునే ముందు ముడుచుకుంటుంది. ఇంపెల్లా అనేది గుండె ఎడమ గదిలోంచి రక్తాన్ని తోడిపోసే బుల్లి మోటారు. ఎక్మో అయితే రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ కలిపి మళ్ళీ లోపలికి పంపిస్తుంది.

వినడానికి మూడూ ప్రాణదాతలే. కానీ 2012లో జర్మనీ నుంచి వచ్చిన 600 మంది అధ్యయనంలో, బెలూన్ పెట్టినా పెట్టకపోయినా నెలలోపు మరణాలు నూటికి 40 దాకానే ఉన్నాయి. 2023లో ఎక్మో మీద వచ్చిన పెద్ద అధ్యయనంలోనూ మరణాలు తగ్గలేదు, పైగా రక్తస్రావం పెరిగింది. 2024లో మాత్రం ఇంపెల్లా తేడా చూపించింది. ఆరు నెలల్లో మరణాలు మామూలు వైద్యంలో నూటికి 59 దాకా ఉంటే, పంపు పెట్టినవాళ్ళలో 46. అయితే రక్తస్రావం, కాలికి రక్తం అందకపోవడం, డయాలసిస్ అవసరం కూడా పెరిగాయి. అదీ పెద్ద గుండెపోటుతో షాక్‌లోకి వెళ్ళినవాళ్ళలో, గుండె ఆగి స్పృహ రానివాళ్ళని పక్కనపెట్టి చూసిన లెక్క.

కాబట్టి మిషన్ మంచిదా చెడ్డదా అని కాదు, ఎవరికి పెడుతున్నారన్నది చూడాలి.

మా బాబాయికి ఇలాగే అయినప్పుడు అమెరికా నుంచి కొడుకు "డబ్బు చూడకమ్మా, అన్నీ పెట్టించు" అన్నాడు. పక్కనున్న ఆడపడుచు "అంతా దోపిడీ వదినా, ఏదీ వద్దను" అంది. పిన్ని ఇద్దరి మాటా వినలేదు. "బాబూ, ఇది పెడితే ఏమవుతుంది, పెట్టకపోతే ఏమవుతుంది?" అని డాక్టరునే అడిగింది. ఆయన రెండు నిమిషాల్లో తెలుగులో చెప్పాడు. పిన్ని సంతకం చేసింది. బాబాయి దక్కలేదు. అయినా "తెలిసే చేశాను" అన్న ఊరట పిన్నికి మిగిలింది. కాగితం పెట్టి వెళ్ళిపోయే డాక్టర్లు ఆ ఊరట కూడా మిగల్చరు.

మనం అడగాల్సినవి నాలుగే. షాక్ ఉందా? మూసుకుపోయిన రక్తనాళం తెరిచారా? ఈయనకి దీనివల్ల ప్రమాదం ఏంటి? ఎప్పుడు తీసేస్తారు? ఇవి అడగడానికి రెండు నిమిషాలు చాలు. నిజంగా టైము వృథా అయ్యేది ఇంటి దగ్గరే. ఛాతీలో నొప్పిని గ్యాస్ అనుకుని సోడా తాగిస్తూ గంటలు పోగొడతాం. ముందు 108కి ఫోన్ చేయండి. త్వరగా వెళ్తే చాలామందికి మిషన్ దాకా రాకుండానే పోవచ్చు.