కిడ్నీ జబ్బున్న ఆడబిడ్డను అడగాల్సిన మాట

మద్నూర్ తెలంగాణ సరిహద్దు మండలం. ఇక్కడివాళ్లకు పెద్ద జబ్బు చేస్తే కొందరు బాన్సువాడ బస్సెక్కుతారు, కొందరు నిజామాబాద్ పెద్ద దవాఖానకు పోతారు, ఇంకొందరు మహారాష్ట్రలోకి దాటి దెగ్లూర్, నాందేడ్ దారి పడతారు. కిడ్నీ జబ్బుతో అలా తిరిగే ఆడవాళ్ల చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో రక్త పరీక్షల చీటీలు, స్కానింగ్ కాగితాలు, బీపీ గోలీల అట్టలు. క్రియాటినిన్ ఎంత, హిమోగ్లోబిన్ ఎంత, ఏ గోలీ ఏ పూట వేసుకోవాలి అన్నీ వాటిలో దొరుకుతాయి. ఈమెకు పిల్లలు కావాలా, వద్దా, కావాలనుకుంటే ఎప్పుడు అన్నది మాత్రం చాలా కవర్లలో కనిపించదు. ఎందుకంటే ఆ మాట ఆమెను ఎవరూ అడిగి ఉండరు.

ఆమెను అడగకపోయినా నిర్ణయం ఆగదు. ఆమె బదులు ఇంకెవరో తీసుకుంటారు. పెళ్లయి రెండేళ్లయినా కడుపు పండలేదని అత్తగారింట్లో ఒత్తిడి మొదలవుతుంది. "నీకు పిల్లలు వద్దమ్మా" అని డాక్టర్ ఒక్క ముక్కలో తేల్చేస్తాడు, ఎందుకు వద్దో చెప్పడానికి ఓపీ రద్దీలో టైం ఉండదు. ఎవరూ ఏమీ అనకపోతే నెల తప్పాకగానీ విషయం బయటపడదు. ఈ మూడింటిలో ఏది జరిగినా నష్టం ఆ ఆడబిడ్డ ఒంటికే.

ఆ కవరులోని ఒక్క బీపీ గోలీని తీసి చూడండి. కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రోటీన్ పోతుంటే డాక్టర్లు టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటివి రాస్తారు. కిడ్నీని కాపాడే మంచి మందులివి. కానీ మూడు నెలలు దాటిన గర్భంలో ఇవే మందులు బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి, ఉమ్మనీరు తగ్గిస్తాయి. కిడ్నీ మార్పిడి జరిగినవారికీ, లూపస్ అనే జబ్బు ఉన్నవారికీ ఇచ్చే మైకోఫెనోలేట్ గర్భస్రావానికీ, బిడ్డలో చెవి, పెదవి లోపాలకూ కారణమవుతుంది. గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం ఆరు వారాల ముందే దాన్ని ఆపాలి. లూపస్‌కు వాడే సైక్లోఫాస్ఫమైడ్ అండాశయాలనే దెబ్బతీయగలదు. అలాగని భయపడి సొంతంగా మందులు మానేస్తే మొదటికే మోసం వస్తుంది. వీటికి బదులు వాడదగినవి ఉన్నాయి. బీపీకి లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా ఉన్నాయి. మార్పిడి కిడ్నీని కాపాడేందుకు అజాథియోప్రిన్, టాక్రోలిమస్, ప్రెడ్నిసోలోన్ ఉన్నాయి. అయితే ఈ మార్పు గర్భం రాకముందే జరగాలి. అందుకు ఆమె మనసులో ఏముందో డాక్టర్‌కు తెలిసి ఉండాలి.

ఇంకో కాగితం, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ చీటీ. 1.0 అని ఉంటుంది. పక్కనే 1.2 వరకు మామూలే అని ల్యాబ్ వాళ్లు అచ్చు వేసి ఉంటారు. గర్భిణి చేతిలో ఆ చీటీ ఉంటే మాత్రం ఆ అచ్చును నమ్మకూడదు. గర్భంతో ఉన్నప్పుడు కిడ్నీలు మామూలు కన్నా దాదాపు సగం ఎక్కువ రక్తాన్ని వడకడతాయి. క్రియాటినిన్ 0.4 నుంచి 0.8 మధ్యకు దిగిపోతుంది. అప్పుడు కూడా 1.0 ఉందంటే కిడ్నీలో ఏదో తేడా ఉన్నట్టే. నెలనెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు బీపీ, హిమోగ్లోబిన్, షుగర్, మూత్రంలో ఆల్బుమిన్ చూస్తారు. ఆ తప్పనిసరి జాబితాలో క్రియాటినిన్ లేదు. కాళ్లవాపులు కడుపుతో ఉన్నవాళ్లకు మామూలేనని సరిపెట్టుకునే మన ఊళ్లలో ఇది చిన్న లోపం కాదు.

మరి కిడ్నీ జబ్బు ఉంటే అసలు కనకూడదా? అందరికీ ఒకే జవాబు లేదు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన సమీక్షలో లెక్కలున్నాయి. క్రియాటినిన్ 1.4 లోపు ఉన్న గర్భిణుల్లో కిడ్నీ పనితీరు పావు వంతుకు మించి పడిపోయింది నూటికి ఇద్దరికే. 2 దాటినవారిలో పదిమందికి ఏడుగురు అలా నష్టపోయారు. వారిలోనే నెలలు నిండకముందే కాన్పయినవారు పదిమందికి తొమ్మిదిమంది పైనే. అంటే జబ్బు మొదటి దశలో ఉండి, బీపీ అదుపులో ఉండి, ప్రోటీన్ తక్కువగా పోతున్న ఆడబిడ్డకు తల్లి కావడానికి అవకాశం బాగానే ఉంది. జబ్బు ముదిరినకొద్దీ ఆ అవకాశం కుదించుకుపోతుంది. డాక్టర్ "ఇంకో నాలుగేళ్లు ఆగుదాం" అన్నా, "వద్దు" అన్నా, ఈ లెక్క ఆమె ముందు పెట్టి అనాలి.

డయాలసిస్ మీద ఉన్నవారి దారి ఇంకా కష్టం. వారానికి 36 గంటలకు మించి డయాలసిస్ చేయించుకున్న కెనడా గర్భిణుల్లో 85 శాతం మందికి బిడ్డ ప్రాణాలతో పుట్టిందని 2014లో టొరంటో డాక్టర్లు ప్రకటించారు. 20 గంటలకు మించని చోట అది 48 శాతమే. మన దగ్గర వారానికి రెండుసార్లో మూడుసార్లో, నాలుగేసి గంటలు జరిగితే గొప్ప. ఆ 36 గంటలు ఇక్కడ ఎవరు ఇస్తారు? అందుకే ఈ దశలో ఉన్న యువతికి మార్పిడి అయ్యాక కనడమే మేలని కిడ్నీ డాక్టర్లు చెబుతారు. అమెరికాలో ఎడిత్ హెల్మ్ 1956లో తన కవల సోదరి కిడ్నీ పెట్టించుకుని 1958లో పండంటి బిడ్డను కన్నది. అప్పటినుంచి ప్రపంచంలో వేలమంది ఆ దారిలో తల్లులయ్యారు. మార్పిడి జరిగి కనీసం ఏడాది దాటాలి, కొత్త కిడ్నీ నిలకడగా ఉండాలి, మందులు ముందే మార్చుకోవాలి. షరతులు ఇవే.

కానీ మన దేశంలో కిడ్నీ ఎవరికి దక్కుతోంది? 1995 నుంచి 2021 వరకు దేశంలో జరిగిన 36,640 అవయవ మార్పిడుల్లో ఆడవాళ్లకు అందినవి 6,945. ఐదింటిలో ఒకటి కూడా లేదు. ఇచ్చేవాళ్లలో మాత్రం తల్లులు, భార్యలు ముందుంటారు. భర్తకు కిడ్నీ పాడైతే పుస్తెలమ్మి అయినా మార్పిడి చేయిస్తాం, కోడలికి పాడైతే పుట్టింటికి పంపుతాం. ఈ తీరు మారకుండా ఆమె మాతృత్వం గురించి ఎంత మాట్లాడినా అది సగం మాటే.

పిల్లలు వద్దనుకునేవారి సంగతి కూడా అంతే ముఖ్యం. జబ్బు ముదిరాక నెలసరి గాడి తప్పుతుంది. దాంతో ఇక గర్భం రాదులే అనుకుంటారు. అది నిజం కాదు, రావచ్చు. మార్పిడి అయిన కొద్ది నెలలకే అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. ఆశ కార్యకర్త దగ్గర దొరికే మాలా-ఎన్ గర్భనిరోధక గోలీలు బీపీ పెంచుతాయి, రక్తం గడ్డకట్టే ముప్పు తెస్తాయి. బీపీ ఉన్న కిడ్నీ రోగులకు అవి పనికిరావు. ఛాయా గోలీలు కూడా కిడ్నీ జబ్బులో వాడొద్దని తయారీదారుల సూచనల్లోనే ఉంది. కాపర్-టీ చాలామందికి సరిపోతుంది, కానీ నెలసరి ఎక్కువై రక్తహీనత పెరుగుతుందేమో చూసుకోవాలి. పిల్లలు చాలనుకున్న ఇంట్లో అన్నిటికన్నా తేలికైన మార్గం భర్త చేయించుకునే వేసెక్టమీ. తెలంగాణలో పెళ్లయిన ప్రతి పదిమంది ఆడవాళ్లలో ఆరుగురు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్లు ముందుకొచ్చింది నామమాత్రం. భార్యకు కిడ్నీ జబ్బుండి కూడా కత్తి కిందకు ఆమెనే పంపడం అన్యాయం.

గర్భం వచ్చాక కొనసాగించాలా వద్దా అన్న ప్రశ్న ఎదురైతే చట్టం ఆమె పక్షానే ఉంది. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని 2021లో సవరించారు. 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. ప్రత్యేక కేసుల్లో ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా వీలుంది. తల్లి ప్రాణం కాపాడటానికి వెంటనే అవసరమైతే వారాల గడువు అడ్డు కాదు. మేజరైన మహిళకు తన సంతకం ఒక్కటే సరిపోతుంది. భర్త సంతకం కావాలని చట్టంలో ఎక్కడా లేదు. దవాఖానల్లో ఆ సంతకం అడిగే అలవాటు పోవాలి.

అధికారులను అడిగేవి పెద్ద కోరికలేమీ కావు. గర్భిణి నమోదైన మొదటి రోజే బీపీ, ఆల్బుమిన్‌తో పాటు క్రియాటినిన్ కూడా చూడాలి. సర్కారు ఉచిత పరీక్షల పథకం తెలంగాణ డయాగ్నస్టిక్స్ ఉండగా ఇది ఖర్చుతో కూడిన పని కాదు. బాన్సువాడ మాతాశిశు ఆసుపత్రికి తల్లిపాల విషయంలో జాతీయ గుర్తింపు వచ్చింది. శ్రద్ధ పెడితే చిన్న పట్టణంలోనూ ఏం సాధించవచ్చో అక్కడి సిబ్బంది చూపించారు. నెలకొకసారి ఒక కిడ్నీ డాక్టర్, ఒక గైనకాలజిస్టు ఒకే గదిలో కూర్చునే ఓపీని కూడా అక్కడే పెట్టవచ్చు. సర్కారు డయాలసిస్ కేంద్రాల్లో 50 ఏళ్ల లోపు ప్రతి మహిళ కేస్ షీటులో "పిల్లల గురించి ఏమనుకుంటున్నారు?" అన్న ఒక గడి చేర్చాలి. ఆ గడిని ఆమెతో ఒంటరిగా మాట్లాడి నింపాలి, పక్కన అత్తో భర్తో ఉండగా కాదు.

చదివేవారికి ఒక మనవి. మీ ఇంట్లో కిడ్నీ జబ్బున్న కూతురో కోడలో ఉంటే డాక్టర్ అడిగేదాకా ఆగకండి. పిల్లల గురించి ఆమె మనసులో ఏముందో ఈ వారమే మీరే అడగండి. ఆమె కావాలన్నా, వద్దన్నా, ఇంకా తేల్చుకోలేదన్నా ఆ మాటతోనే ఆమెను కిడ్నీ డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. ఒళ్లు ఆమెది, ప్రాణం ఆమెది, నిర్ణయం కూడా ఆమెదే కావాలి.